మరిది పెట్టించిన లైట్లు, అత్తగారి పెళ్లిచీర

కృష్ణా జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఊరు, పేర్లు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆవిడ ఆ ఇంటి పెద్దకోడలు, టీచరుగా చేసి రిటైరయ్యారు. అత్తింటివారు మూడు తరాలుగా బందరు అద్దకం బట్టల వ్యాపారం చేసినవాళ్లు. మామగారు పోయాక, ఆయన పేరున పాత ఇంటి ముందు హాలును చిన్న మ్యూజియంగా మార్చారు. గోడకు తాతల నాటి అద్దకం పరదా వేలాడుతోంది, దానికి వందేళ్లు దాటాయి. గాజు బీరువాల్లో అత్తగారి పెళ్లిపట్టుచీర, మామగారి చిట్టా పుస్తకాలు, ఊదా సిరాతో రాసిన వ్యాపారపు ఉత్తరాలు, రెండు తాళపత్రాల కట్టలు, పాత ఫొటోలు ఉన్నాయి. ఇవిగాక టేకు అచ్చులు, ఇత్తడి గంగాళాలు, జాడీలు. బడిపిల్లలు వస్తుంటారు. అద్దకం పనికి పేరున్న పెడన చూడటానికి వచ్చినవాళ్లు కూడా ఆగి చూసి వెళ్తుంటారు.

రెండేళ్ల కిందట ప్రారంభోత్సవానికి డాలస్‌లో ఉండే మరిది డబ్బు పంపి, పాత ట్యూబ్‌లైట్లన్నీ తీయించి ఎల్‌ఈడీలు పెట్టించారు. బీరువాల లోపల స్ట్రిప్ లైట్లు, పరదా మీదికి స్పాట్‌లైట్లు. తళతళలాడే తెల్లటి కాంతి. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా వెలుగుతూనే ఉంటాయి. సాయంత్రానికి బీరువా అద్దం వెచ్చగా తగులుతోందట. లైట్లు బిగించిన కుర్రాడు ఫోనులో కొలిచి పరదా దగ్గర ఆరువందల లక్స్ ఉందని చెప్పాడట. లక్స్ అంటే వస్తువు మీద పడే వెలుగుకు కొలత. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ పడితే పరదా ఇంకా బాగుంటుందని కూడా ఆవిడ రాశారు.

పోయిన నెల దుమ్ము దులపడానికి పరదా దించి, పైఅంచున బిగించిన చెక్కపట్టీ విప్పారు. ప్రారంభోత్సవం నాడే వేసిన పట్టీ అది. పట్టీ కింద ఉన్న లతలో ఆకు సగం ఆకుపచ్చగా ఉంది. అదే ఆకులో పట్టీ బయట ఉన్న సగం నీలంగా ఉంది. గుండె గుభేలుమందట. వీడియో కాల్‌లో మరిదికి చూపిస్తే, "వదినా, ఎల్‌ఈడీలో యూవీ ఉండదు, వేడి ఉండదు, ప్రపంచంలో మ్యూజియాలన్నీ ఇవే పెడుతున్నాయి. పాతబట్ట వెలవకుండా ఉంటుందా?" అన్నారు. మాటా మాటా పెరిగి, "చూసుకోలేకపోతే చెప్పండి, ఈసారి వచ్చినప్పుడు పరదా ఇక్కడికి తెచ్చుకుని మంచి ఫ్రేము కట్టిస్తాను" అనేశారు. అప్పటినుంచి ఫోన్లు లేవు. భర్తేమో, "వాడు అంత ఖర్చు పెట్టాడు, ఇప్పుడు తీసేస్తే నొచ్చుకుంటాడు" అని ఊరుకున్నారు. సగం లైట్లు ఆపితే చూడవచ్చినవాళ్లు చీకటిగా ఉందంటున్నారు. ఎనభై ఆరేళ్ల అత్తగారు రోజూ సందెవేళ కుర్చీ వేయించుకుని తన పెళ్లిచీర ముందు కూర్చుంటారు. "దీపాలెందుకు ఆర్పారే?" అని ఆవిడా అడిగారు. లైట్లు పీకించేయనా, వస్తువులు లోపల దాచేయనా, ప్రభుత్వ మ్యూజియానికి ఇచ్చేయనా, లేక ఇదంతా నా చాదస్తమా అన్నది పాఠకురాలి ప్రశ్న.

*

అమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీది చాదస్తం కాదు. మీరు పట్టుకున్న ఆ ఆకు లాంటి సాక్ష్యం పెద్ద మ్యూజియంవాళ్లకు కూడా అంత తేలిగ్గా చేతికి చిక్కదు.

పాత అద్దకంలో ఆకుపచ్చకు విడిగా ఒక రంగు ఉండేది కాదు. నీలిమందుతో నీలం వేసి, దాని మీద కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క లాంటివాటితో తీసిన పసుపు పూసేవారు. రెండూ కలిసి ఆకుపచ్చ అయ్యేది. నీలిమందు గట్టిది, కాంతికి చాలాకాలం తట్టుకుంటుంది. పసుపు అలా కాదు, అన్నిటికన్నా ముందు ఎగిరిపోయే రంగు అదే. పసుపు పోతే కింద నీలం మిగులుతుంది. మన కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో వెళ్లిన అద్దకాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చాలా ఉన్నాయి. అలాంటి పాత బట్టల మీద లతలకు నీలం ఆకులు కనిపించడం మామూలే. చూసినవాళ్లు అప్పటి పనివాళ్ల ముచ్చట అనుకుంటారుగానీ, ఒకప్పుడు అవి చాలావరకు ఆకుపచ్చవే. ఎరుపు చిరివేరు అనే మొక్క వేరుదైనా, తర్వాత బజారులోకి వచ్చిన అలిజరిన్ అనే కృత్రిమ రంగుదైనా, పటిక పట్టించి వేసింది కనుక పసుపుకన్నా బాగా ఓర్చుకుంటుంది. నల్ల గీతల వెంబడి బట్ట చిట్లుతూ ఉంటే మాత్రం ఆ నేరం లైట్ల మీద వేయకండి. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి చేసిన నలుపు చీకట్లో ఉన్నా నూలును మెల్లగా తింటూనే ఉంటుంది.

వందేళ్ల బట్ట కాబట్టి రెండేళ్ల కిందటికే అది ఎంతో కొంత వెలిసి ఉంటుంది. మీ మరిది మాటలో ఆ మేరకు న్యాయముంది. కానీ పట్టీ వేసింది ప్రారంభోత్సవం నాడు. అంటే అప్పటిదాకా ఆ ఆకు రెండు సగాలూ ఒకేలా వెలిశాయి. ఇప్పుడు రెంటికీ మధ్య కనిపిస్తున్న తేడా అంతా ఈ రెండేళ్లలో వచ్చిందే. దీన్ని ఎవరూ కాదనలేరు.

ఆ తేడా తెచ్చింది ఎవరన్నది ఇంకో ప్రశ్న. మీరు లైట్ల దగ్గరే ఆగిపోయారు. పడమటి కిటికీ సంగతి ఒక్క వాక్యంలో, అదీ మెచ్చుకుంటూ రాశారు. నన్ను కంగారుపెట్టిన వాక్యం అదే. బయట నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. సాయంత్రపు ఎండ కిటికీ అద్దంలోంచి నేరుగా బట్ట మీద పడినా వేలల్లో ఉంటుంది, పదివేలు దాటినా ఆశ్చర్యం లేదు. పదివేల లక్స్ గంటసేపు పడితే, మీ స్పాట్‌లైట్లు పన్నెండు గంటల్లో వేసే కాంతికన్నా ఎక్కువ పడినట్టు. పైగా మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలను, అంటే మీ మరిది చెప్పిన యూవీని, పూర్తిగా ఆపదు, చాలా భాగం లోపలికి వచ్చేస్తుంది. హార్వర్డ్ యూనివర్సిటీలో 1964లో అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో వేసిన పెద్ద పెద్ద చిత్రాలను కిటికీలున్న భోజనశాలలో పెట్టారు. ఎండకు ఎరుపు పాలిపోయి, 1979 నాటికి తీసి దాచేయాల్సి వచ్చింది. 2014లో మళ్లీ ప్రదర్శించినప్పుడు వాటిమీద రంగు వేయడానికి సాహసించలేదు. పోయిన రంగును లెక్కకట్టి, ప్రొజెక్టరుతో ఆ రంగు వెలుగును చిత్రాల మీద పడేలా చేశారు. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉన్నచోట కూడా పోయిన రంగు తిరిగి రాలేదు.

అందుకని కిటికీ తలుపులు ఈరోజే మూసేయండి. మందపాటి తెర వేసినా సరే. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఇక లైట్లు. మీ మరిది చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మంచి తెల్ల ఎల్‌ఈడీలో అతినీలలోహితం దాదాపు ఉండదు. హాలోజన్ బల్బులా వస్తువు మీదికి వేడి చిమ్మదు. మీ పాత ట్యూబ్‌లైట్లలోంచి యూవీ వచ్చేది, కాబట్టి వాటిని తీయించి ఆయన మేలే చేశారు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసాకు 2013లో ఎల్‌ఈడీ దీపం పెట్టారు, వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో 2014లో. ఇవన్నీ మీరు ఆయనతో ఒప్పుకోవాల్సిన సంగతులు.

ఆయన మాట తేడా కొట్టింది ఒక్కచోట. యూవీ లేకపోతే రంగు పోదనుకున్నారు. మన కంటికి కనిపించే కాంతి కూడా రంగును విరగ్గొడుతుంది, అందులో నీలం వైపు కాంతి మరీను. తెల్ల ఎల్‌ఈడీ లోపల నిజానికి ఉండేది నీలం చిప్పు, దానిమీద పసుపు పూత. దీపం తెలుపు ఎంత చల్లగా, ఎంత వెచ్చగా కనిపిస్తుందో చెప్పే అంకె కెల్విన్. చల్లటి తెలుపు అని అమ్మే 6500 కెల్విన్ దీపంలో ఆ నీలం పాలు ఎక్కువ. 2700, 3000 కెల్విన్ వెచ్చటి తెలుపులో తక్కువ. మీరు రాసినదాన్నిబట్టి మీవి మొదటి రకం. పెట్టె ఉంటే దానిమీద అంకె చూడండి.

దీపం రకం కన్నా ముఖ్యమైంది ఎంత కాంతి, ఎన్ని గంటలు అన్నది. వస్తువు మీద పడే లక్స్‌ని గంటలతో గుణిస్తే వచ్చేదే అసలు లెక్క. సీఐఈ అనే అంతర్జాతీయ కాంతి సంఘం 2004లో ఇచ్చిన ప్రమాణాల్లో అతి సున్నితమైన రంగులకు 50 లక్స్ మించకూడదు, ఏడాది మొత్తానికి 15,000 లక్స్-గంటలు దాటకూడదు అని ఉంది. మీ పరదాలోని పసుపు, మీ ఉత్తరాల్లోని ఊదా సిరా ఈ తరగతివే. మధ్యరకానికి అదే 50 లక్స్, ఏడాదికి 1,50,000. కాస్త గట్టివాటికి 200 లక్స్, ఏడాదికి 6,00,000. రాయి, లోహం, గాజు, పింగాణీకి హద్దు లేదు.

ఇప్పుడు మీ హాలు సంగతి చూడండి. ఆరువందల లక్స్, పన్నెండు గంటలు: రోజుకు 7,200. అతి సున్నితమైన రంగు ఏడాది కోటా రెండు రోజులు దాటేసరికి అయిపోతోంది. మధ్యరకం కోటా మూడు వారాల్లో. ఏడాదికి మూడువందల రోజులు తెరిచారనుకుంటే 21,60,000. వ్యాపారస్తుల ఇల్లు మీది, చిట్టా భాషలోనే చెబుతాను: రంగు ఖాతాలో ఖర్చే తప్ప జమ ఉండదు. లైటు ఆర్పితే ఖర్చు ఆగుతుందిగానీ, పోయింది వెనక్కి రాదు.

ఫోనులో తీసిన కొలతను పూర్తిగా నమ్మకండి, చాలా అటూ ఇటూ చూపిస్తుంది. వెయ్యీ రెండువేల రూపాయల్లో లక్స్ మీటరు దొరుకుతుంది. దాని కన్ను గదివైపు ఉండేలా బట్టకు ఆనించి కొలవండి. పరదా మధ్యలో, నాలుగు మూలల్లో, చీర మడత మీద, ఉత్తరాల మీద విడివిడిగా కొలిచి ఒక పుస్తకంలో తేదీతో రాసుకోండి. మరిదితో మళ్లీ మాట్లాడేటప్పుడు ఆ పుస్తకమే ఎక్కువ పనికొస్తుంది.

ఇంత విన్నాక లైట్లన్నీ పీకించేయాలనిపించవచ్చు. తొందరపడకండి. మీ హాల్లో వస్తువులన్నీ ఒక్క తరహావి కావు. గంగాళాలు, జాడీలు ఎంత వెలుగైనా భరిస్తాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ ముందు నిలబడితే ముసుగు మడతలు తెలిసేది దాని మీద పడే వెలుగూ నీడల వల్లే. పాలరాయికి ఆ వెలుగుతో ఏ నష్టమూ లేదు. టేకు అచ్చులకు 200 లక్స్ దాకా ఫరవాలేదు. తాళపత్రాల మీద రాత మసితో పట్టించింది, రాతకు భయం లేదు, ఆకు మాత్రం పెళుసుబారుతుంది కనుక 50 లోపు ఉంచండి. చిట్టా పుస్తకం రెండేళ్లుగా ఒకే పేజీ తెరిచి ఉంటే, మూణ్నెల్లకోసారైనా పేజీ తిప్పండి. ఊదా సిరా ఉత్తరాల విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: అసలువి లోపల పెట్టేసి, మంచి స్కాన్ తీయించి ఆ ప్రతులు బయట పెట్టండి. ఆ సిరా కాంతికి అసలు ఆగదు. ఎక్కువ వెలుగులో ఉంచితే కళ్లముందే పాలిపోయి చివరికి ఉత్తకాగితం మిగులుతుంది. ఫొటోలకు కూడా ప్రతులే మేలు.

కాబట్టి మీ మరిది కొన్న లైట్లు వృథా కానక్కర్లేదు. స్పాట్‌లైట్లు ఇత్తడి మీదికి, జాడీల మీదికి తిప్పేయవచ్చు. బీరువాల్లోంచి తీసిన స్ట్రిప్‌లు అచ్చుల వరస పైన బిగించవచ్చు. తెల్లటి మెరుపు ఇత్తడికి, పింగాణీకి బాగానే నప్పుతుంది. హాల్లోకి అడుగుపెట్టగానే ఆయన పెట్టించిన వెలుగు కనిపిస్తూనే ఉంటుంది.

పరదాకూ చీరకూ ఏం చేయాలన్నదాంట్లో దారులు కొన్ని ఉన్నాయి, ఒక్కోదానికీ దాని ఇబ్బంది ఉంది.

అన్నిటికన్నా చవక దారి, ఉన్న లైట్లనే ఉంచి తగ్గించడం. స్పాట్‌లైటును రెట్టింపు దూరానికి జరిపితే కాంతి దాదాపు నాలుగోవంతుకు పడిపోతుంది. కొన్ని తీసేయవచ్చు. మనుషులు వచ్చినప్పుడే వెలిగి, వెళ్లాక ఆరిపోయే సెన్సర్లు కొన్ని వందల రూపాయల్లో వస్తాయి. రోజుకు నిజంగా రెండు గంటలే వెలిగి, కాంతి 50కి దిగితే, ఏడాదికి మూడువందల రోజులకు 30,000 లక్స్-గంటలు. కోటాకు రెట్టింపే అయినా, ఇప్పటి లెక్కలో డెబ్బయ్యో వంతు కూడా కాదు. ఇందులో చిక్కేమిటంటే, చల్లటి తెలుపును అంత తగ్గిస్తే వస్తువులు బూడిదరంగుగా, నిర్జీవంగా కనిపిస్తాయి. చీకటిగా ఉందన్న మాట మళ్లీ వస్తుంది.

కొంచెం ఖర్చు పెట్టగలిగితే పరదాకూ చీరకూ మాత్రం కొత్త దీపాలు కొనండి. 3000 కెల్విన్ లేదా అంతకన్నా తక్కువ, సీఆర్ఐ 90 పైన ఉండాలి. సీఆర్ఐ అంటే రంగును ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె. దాంతోపాటు ఆర్9 ఎంతో అడగండి, అది ముదురు ఎరుపుకు సంబంధించింది, 50 పైన ఉంటే మంచిది. చవక ఎల్‌ఈడీల్లో ఇది చాలా తక్కువ ఉంటుంది. అందుకే మంచి అద్దకం ఎరుపు కూడా వాటి కింద మట్టిరంగుగా కనిపిస్తుంది. మంచి దీపం కింద 50 లక్స్‌లో కనిపించే ఎరుపు, నాసి దీపం కింద ఆరువందల్లో కూడా కనిపించదు. కొలతల పుస్తకం పట్టుకుని వాదించే బదులు ఒక్క దీపం తెచ్చి రాత్రిపూట రెంటినీ పక్కపక్కన వెలిగించి చూపిస్తే మీ ఆయన కూడా మీ వైపు వస్తారనుకుంటున్నాను.

చీకటి అనే ఫిర్యాదుకు లక్స్ పెంచడం ఒక్కటే మందు కాదు. మన కన్ను పక్కనున్నదాంతో పోల్చుకుని చూస్తుంది. పరదా వెనక తెల్ల సున్నం గోడ ఉంటే గోడే మెరుస్తుంది, బట్ట నల్లగా కనబడుతుంది. ఆ గోడ ఒక్కదానికి మెత్తటి ముదురు రంగు వేయించండి. బల్బు సూటిగా కంటికి తగలకుండా మరుగు పెట్టండి. బయటి ఎండలోంచి వచ్చినవాళ్లను ముందు ఇత్తడి, జాడీల దగ్గర కాసేపు నిలిపి మామగారి కథ చెప్పండి. నాలుగైదు నిమిషాలు గడిచేసరికి కళ్లు సర్దుకుంటాయి, ఆ తర్వాత పరదా దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లలకు పాఠం చెప్పిన అనుభవం మీకుంది, ఆ ఆకు కథ చెప్పి చూడండి, చీకటిగా ఉందన్న మాట ఎవరి నోటా రాదు.

మూడో దారి, పరదాను ఏడాదిలో కొన్నాళ్లే బయటపెట్టడం. దసరా నుంచి సంక్రాంతి దాకా అసలుది, మిగతా నెలల్లో ప్రతి. ఆ ప్రతిని పెడనలోనే అద్దించవచ్చు, మీ ఇంట్లోనే పాత అచ్చులున్నాయి కదా. పనివాళ్లకు పనీ దొరుకుతుంది, నీలం మీద పసుపు పడి ఆకుపచ్చ ఎలా అయ్యేదో చూసినవాళ్లకూ తెలుస్తుంది. అయితే ఇది ప్రతి అని పక్కన స్పష్టంగా రాసి పెట్టాలి. దూరం నుంచి వచ్చినవాళ్లలో కొందరు అసలుది లేదని నిరుత్సాహపడతారు, దానికి సిద్ధపడాలి. దించి ఎక్కించేటప్పుడు బట్ట నలగకుండా లావుపాటి గొట్టానికి చుట్టి, గంజి లేని ఉతికిన తెల్లబట్ట కప్పాలి. మడతలు పెట్టి పెట్టెలో తోయకండి.

ప్రభుత్వ మ్యూజియానికి ఇవ్వడం నాలుగోది. విజయవాడ బాపు మ్యూజియం మీకు దగ్గర. ఇస్తే బట్ట భద్రత బరువు మీ మీదనుంచి దిగుతుంది. కానీ ఇచ్చేసింది ఇక మీది కాదు, ఎప్పుడు బయటపెట్టాలో ఎప్పుడు గోదాములో ఉంచాలో వాళ్లిష్టం. మ్యూజియాల్లో సగటు వస్తువు జీవితంలో ఎక్కువకాలం గోదాములోనే గడుపుతుంది, అది దానికి మంచిదే అయినా మీ అత్తగారి కుర్చీ అక్కడికి వెళ్లదు. ఈ దారి ఆలోచించదగినదేగానీ, మరిది మీద కోపంతోనో, చూసుకోలేకపోతున్నానన్న బెంగతోనో నిర్ణయించకండి. మీ తర్వాత ఈ హాలు ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఇంట్లో ఎవరిదగ్గరా జవాబు లేదని తేలినప్పుడు అడగండి. అప్పుడు కూడా షరతులు కాగితం మీద రాయించుకునే ఇవ్వండి.

డాలస్‌కు తీసుకెళ్లే దారి మాత్రం లేదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి పనితనపు వస్తువులు పురావస్తువులే. రాతప్రతులకు డెబ్బయి ఐదేళ్లు చాలు. సొంత ఆస్తే అయినా వాటిని ప్రైవేటు వ్యక్తులెవరూ దేశం దాటించకూడదు. ఆయన ఆ మాట కోపంలో అని ఉంటారు, ఈ చట్టం సంగతి తెలిసి ఉండకపోవచ్చు. విమానాశ్రయంలో ఇబ్బంది పడకముందే తెలియాలి. మీరు చెబితే బెదిరింపులా వినిపిస్తుంది. ఈ ఒక్క మాట మీ ఆయన చేత అన్నగా చెప్పించండి. ఇన్నాళ్లూ మౌనంగా ఉన్నందుకు ఆయన చేయాల్సిన పని ఇదే అనుకోండి.

ఇప్పుడు చీర గురించి. ఇంత పెద్ద ఉత్తరంలో అందరి అభిప్రాయమూ ఉంది. మీది, మీ ఆయనది, మరిదిది, లైట్లు బిగించిన కుర్రాడిది కూడా. చీర ఎవరిదో ఆవిడ అభిప్రాయం ఎక్కడా లేదు. దీపాలెందుకు ఆర్పారని ఆవిడ అడిగితే మీరేం చెప్పారో కూడా రాయలేదు. అత్తగారిని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పండి. "అత్తయ్యా, వెలుగు ఎక్కువైతే చీర రంగు పోతోంది, పట్టు పెళుసవుతోంది. ఏం చేద్దామంటారు?" అని అడగండి. మనవరాళ్లకు మిగలాలి, దాచేయండి అంటారేమో. నేనున్నన్నాళ్లూ చూసుకోనీ, తర్వాత మీ ఇష్టం అంటారేమో. రెండోదే అంటే అది తప్పు కాదని నా అభిప్రాయం. మ్యూజియంలో పనిచేసేవాళ్లు కొందరు ఒప్పుకోకపోవచ్చు. ఆ చీర రాబోయే వందేళ్ల సందర్శకులకన్నా ముందు ఆవిడ సొత్తు.

పైగా ఆవిడ కోరికకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. అరవై దాటిన కంటి లోపలికి చేరే కాంతి, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడోవంతే. ఎనభై ఆరులో ఇంకా తక్కువ. 50 లక్స్‌లో ఆవిడకు జరీ అంచు కనిపించకపోవచ్చు. అందుకని ఆవిడ కుర్చీ పక్కన గోడకు ఒక విడి స్విచ్ పెట్టించి, చీరకు వెచ్చటి తెల్లదీపం 200 లక్స్ వచ్చేలా అమర్చండి. ఆవిడే వేసుకుంటారు, అరగంటకు దానంతటదే ఆరిపోతుంది. లెక్క వేస్తే రోజుకు వంద లక్స్-గంటలు, ఏడాది పొడవునా రోజూ కూర్చున్నా 36,500. ఇప్పుడు ఆ బీరువాలో ఆరువందలే పడుతున్నాయనుకుంటే, దాదాపు ఐదు రోజుల్లో పడుతున్న కాంతి అది. ఏడాది సాయంత్రాలన్నీ ఐదు రోజుల ఖర్చుతో వస్తుంటే ఆవిడ్ని చీకట్లో కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు. మిగతా సమయమంతా ఆ బీరువా చీకటిగానే ఉండనివ్వండి, లేదా ముందు తెర వేసి, చూడాలనుకున్నవాళ్లు పక్కకు జరిపి చూసేలా పెట్టండి.

మరిదితో సంధి ఎలా అన్నది నేను చెప్పనక్కర్లేదు, మీకే తెలుసు. ఒక్క సూచన మాత్రం చేస్తాను. "నీ లైట్లు పాడుచేశాయి" అని మొదలుపెట్టకండి. అది సగమే నిజం, కిటికీ వాటా ఇంకా ఎక్కువ కావచ్చు. కిటికీ మూయించాను, నువ్వన్నట్టు యూవీ సంగతి నిజమే, కొలతలు ఇవిగో, ఇప్పుడేం చేద్దాం అని పుస్తకం చూపించండి. దూరాన ఉన్నవాడికి తండ్రి పేరున చేయగలిగింది డబ్బు పంపడం ఒక్కటే అయినప్పుడు, ఆ డబ్బుతో చేసినదాన్ని తప్పుపడితే తననే వద్దన్నట్టు అనిపిస్తుంది. కొత్త దీపాలు ఏవి కొనాలో చూసే పని ఆయనకే అప్పగించండి. ఇంతగా సాంకేతిక విషయాలు మాట్లాడే మనిషి సీఆర్ఐ, ఆర్9 అంకెలు వెతికి పట్టుకోవడంలో మీకన్నా నాకన్నా గట్టివాడే అయి ఉంటారు.

ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజు రెండు మాటలు మరిచిపోకండి. సాయంత్రానికి బీరువా అద్దం వెచ్చగా తగులుతోందని రాశారు. ఎల్‌ఈడీ వేడి ముందుకు రాదుగానీ వెనకవైపు పోగవుతుంది, స్ట్రిప్‌లూ వాటి డ్రైవర్లూ (దీపానికి తగినట్టు కరెంటు సర్ది ఇచ్చే చిన్న పెట్టెలు) మూసిన బీరువాలో ఉంటే గాలి వేడెక్కి పొడిబారుతుంది, రాత్రి మళ్లీ చల్లబడుతుంది. తాళపత్రాలకూ పట్టుకూ ఈ రోజువారీ సాగడం, ముడుచుకోవడం మంచిది కాదు. డ్రైవర్లన్నీ బీరువా బయట ఉండాలి, కుదిరితే దీపం కూడా బయటే ఉండి అద్దంలోంచి వెలుగు పడాలి. రెండోది, కాంతి తగ్గించే డిమ్మరు పెట్టేటట్టయితే డ్రైవరు డిమ్మింగుకు పనికొచ్చేదేనా అని ముందే అడగండి. కానిదానికి పెడితే దీపం మిణుకుమిణుకుమంటుంది, ఫోను కెమెరాలో చూస్తే చారలు కదులుతూ కనిపిస్తాయి. బిగించాక రాత్రి, కిటికీ మూసి, మీటరుతో పరదా నాలుగు మూలలూ కొలవండి. ఎక్కడైనా 50 దాటితే ఆ రాత్రే తగ్గించమనండి, నిచ్చెన దించనివ్వకండి.